కానుకల సంచి

ఫర్వానియాలో దిష్‌దాషాలు కుట్టగా
మిగిలిన తెల్లగుడ్డతో
మా సంఘానికి కానుకల సంచి నేనే కుట్టాను.
నాణెం జారిపోకుండా
అడుగున రెండు కుట్లు ఎక్కువేశాను.
లెక్క చూసేదీ నేనే.

ఇక్కడ శుక్రవారమే మాకు ఆదివారం.
సాల్మియాలో ఒక విల్లా కింద, నేలమాళిగలో,
ఏసీ నీళ్ళు బక్కెట్లోకి కారుతుంటే
నూట ఇరవై మందిమి ఆమెన్ అంటాం.
మెట్ల కింద చెప్పుల గుట్ట.
లోపల కుర్చీలు ఖాళీ ఉన్నా
ఆ గుట్ట పక్కనే కూచునేది కెజియమ్మ.

మలికిపురం మనిషి.
పదమూడు నెలలు జీతమివ్వని ఇంట్లోంచి
చెత్తసంచి పట్టుకుని బయటికొచ్చి
మళ్ళీ లోపలికి వెళ్ళలేదు.
పాస్‌పోర్టు ఇంకా ఆ ఇంటి బీరువాలోనే ఉంది.
ఇలాంటివాళ్ళని ఇక్కడ ఖల్లివల్లి అంటారు.
పోతే పోనీ, వదిలెయ్ అని అర్థం.
మనిషికి పెట్టే పేరేనా అది?
నేనూ అలాగే పిలిచాను, చాలాసార్లు.

ఆ వారం వాక్యం ఒంటె గురించి.
ధనవంతుడూ, సూదిబెజ్జమూ.
"మనలో ధనవంతులెవరు?" అని పాస్టరు గారు అడిగితే
అందరం నవ్వాం.
డ్రైవర్లం, వంటవాళ్ళం, ఆయాలం,
పన్నెండు మందికి ఒకే బాత్రూము ఉన్నవాళ్ళం,
మనమెక్కడి ధనవంతులం!
అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.
సూది సంగతి నాకు తెలియదా,
ఇరవై రెండేళ్ళుగా దారం తడిపి ఎక్కిస్తున్నవాణ్ణి.
దశమ భాగం ఫిల్సులతో సహా లెక్కగట్టి ఇచ్చేవాణ్ణి.

అంతకు పది రోజుల ముందు,
రాత్రి పదకొండింటికి కొట్టు షట్టరు దించుతుంటే వచ్చింది.
"అన్నా, మీ కటింగు బల్ల కింద ఒక్క వారం పడుకుంటాను."
అకామా ఉందా అని అడగలేదు. లేదని తెలుసు.
"చెకింగులెక్కువయ్యాయమ్మా" అన్నాను.
"ప్రార్థన చేస్తాను" అన్నాను.
తాళం వేసి లాగి చూశాను. రెండుసార్లు.
"సరే అన్నా, జాగ్రత్త" అంది,
నాతో!

ఆరాధన అయ్యాక సంచి బోర్లించాను.
పావు దినార్లు, అర దినార్లు,
గలగలమని నూరు ఫిల్సుల బిళ్ళలు,
ఎవరిదో తెగిన చెవికమ్మ,
అన్నిటి కింద
నాలుగు మడతల ఖుబ్బూసు ఒకటి, ప్లాస్టిక్ కవరులో.
మెత్తగానే ఉంది.
కవరు మీద బాల్‌పెన్నుతో రాసి ఉంది:
ఎవరికైనా లేకపోతే.

పెద్దల్లో ఒకాయన నవ్వబోయి ఆగిపోయాడు.
సంచి పట్టుకు తిరిగిన కుర్రాడు
కళ్ళతో మెట్లవైపు చూపించాడు.
కీబోర్డు నిధిలో రాయాలా, భవన నిధిలోనా?
నా పుస్తకంలో రొట్టెకి గడి లేదు.

పరుగెత్తాను.
చెప్పుల గుట్ట సగం తరిగింది.
బయట ఎండ, గోడల్ని కూడా కళ్ళు మూసుకోమనే ఎండ.
ఆమె లేదు.

తిరిగొస్తుంటే ఆరో రింగు రోడ్డు మీద
మా వ్యాను పక్కనే ఒక పికప్పు,
వెనక ముంగాళ్ళు కట్టేసిన ఒంటె, మోకాళ్ళ మీద.
సిగ్నల్ దగ్గర చాలాసేపు
నా వైపే చూసింది,
చుట్టాన్ని గుర్తుపట్టినట్టు.

ఆ రాత్రి పుస్తకంలో రాశాను, ఖుబ్బూసు: ఒకటి.
మొత్తం ఎంతో వెయ్యలేదు.
బల్ల కింద గుడ్డపీలికలు పరిచి
షట్టరు మోకాలెత్తు పైకి వదిలి కూచున్నాను.
పిల్లి వచ్చింది. ఇసుక వచ్చింది.
తెల్లారి పోలీసు జీపు ఒకటి నెమ్మదిగా పోయింది.

మూడు శుక్రవారాలైంది.
చెప్పుల పక్కన ఆ చోట ఎవరూ కూచోవడం లేదు.
హసావీలో చూశామని ఒకరు,
పట్టుబడిందని ఒకరు.
మొన్న సంచి తిరగేసి
ఎక్కువేసిన ఆ రెండు కుట్లూ విప్పేశాను.
ఎందుకని పాస్టరు గారు అడిగారు.
దారం నోట్లో ఉంది,
జవాబు చెప్పలేదు.